నా కంటికి అడిగిన గ్యారంటీ

మొన్న ఆదివారం పక్కింటావిడ తన కూతురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆ పిల్లకు కళ్ళు బొత్తిగా ఎండిపోతున్నాయట, డాక్టరు స్క్లెరల్ లెన్సు పెట్టుకోమన్నాడట, నేను ఏళ్ళ తరబడి అవే వాడుతున్నానని ఎవరో చెప్పగా కనుక్కుందామని వచ్చారు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఆవిడ అడిగిన మొదటి మాట అవి గ్యారంటీగా పని చేస్తాయా అని. పాపం ఆవిడ తప్పేమీ లేదు, కానీ ఆ ఒక్క మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తొంభైల చివర కరువు పట్టిన మా అనంతపురం పల్లెల్లో ఏ ఇంటి అరుగు మీద చూసినా బోర్ల మాటే. నేను అప్పుడు గార్లదిన్నె దగ్గర ఒక పల్లెబడిలో పంతులమ్మను. మెట్టినింట్లో వేరుశనగ సేద్యం. ఏదో జ్వరానికి వేసుకున్న మాత్రలు వికటించి, ఒళ్ళంతా బొబ్బలెక్కి, ప్రాణమైతే దక్కింది కానీ కళ్ళలో తడి పోయింది. రెప్ప వేస్తే ఇసుక వేసి రుద్దినట్టుండేది, ఎండలోకి వస్తే కళ్ళు తెరవలేకపోయేదాన్ని, తడిగుడ్డ ఒకటి ఎప్పుడూ చేతిలో ఉండేది. ఇక సలహాలు చెప్పని వాళ్ళు లేరు. ఆముదం వేయమన్నవాళ్ళు, ఉల్లిపాయలు తరగమన్నవాళ్ళు, మనసారా ఒకసారి ఏడిస్తే కన్నీళ్ళు అవే వస్తాయన్నవాళ్ళు! ఏడుపుకు నాకు కొదవా? నీళ్ళు రావడం లేదు మహానుభావులారా అంటే వినేవాళ్ళేరీ?

అలా కొన్నేళ్ళు చుక్కల మందుతో నెట్టుకొచ్చాక బెంగుళూరులో ఒక డాక్టరు ఈ లెన్సు సంగతి చెప్పాడు. చిన్న గిన్నెలాంటి అద్దం, అందులో సెలైను నింపి కంటికి పెట్టుకుంటే అది నల్లగుడ్డును తాకకుండా తెల్లగుడ్డు మీద కూర్చుంటుందని, పగలంతా కన్ను ఆ నీళ్ళలోనే ఉంటుందని వివరించి, కుడి కంట్లో అప్పటికే మచ్చ పడుతోందని, ఆలస్యం చేస్తే చూపు పోతుందని హెచ్చరించాడు. మా ఆయన పక్కనే కూర్చుని అంతా విన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మా మామ బోరుకు చోటు చూపించడానికి, టెంకాయతో నీటి జాడ చెప్పే ఆయనను పిలిపించాడు. ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేను మీద నడుస్తుంటే, అది ఎక్కడ లేచి నిలబడుతుందా అని మామ, మా ఆయన, ఊళ్ళో పెద్దలు అందరూ వెనకే నడిచారు. అంతకు ముందు ఆయన చూపించిన చోట్లన్నీ దుమ్ము తప్ప నీళ్ళు రాలేదు, అయినా ఒక్కరూ ఆయనను ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ సాయంత్రం అరుగు మీద నా కళ్ళ మాట, లెన్సుల ఖర్చు మాట వచ్చింది.

"ఏంరా, కన్ను బాగైతాదని ఆ డాక్టరు గ్యారంటీ ఇచ్చినాడా?" అని మామ కొడుకును అడిగాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మామకు ఎదురు చెప్పని నేను ఆ రోజు ఆగలేకపోయాను.

"టెంకాయ పట్టుకున్నాయప్ప ఇచ్చినాడా మామా?"

మామ కోప్పడలేదు, అదే నాకు మరీ కష్టమనిపించింది. "బోరులో నీళ్ళు పడితే ఇంటికంతా కూడు. నీ కంట్లో నీళ్ళుంటే ఎవురికమ్మా?" అన్నాడు.

మా ఆయన తల వంచుకుని చాప అంచు పీకుతూ కూర్చున్నాడు. ఆ కరువులో మామ బాధ నాకు తెలియనిది కాదు, కానీ నా జీతం కూడా ఆ చేనులోకే పోతున్నప్పుడు నా కంటికి నేను ఎవరి అనుమతి అడగాలి? బోరు లారీ వచ్చింది, తెల్లటి పిండిలాంటి దుమ్ము మా ఇంటి దాకా లేచింది, నేను తడిగుడ్డ కళ్ళకు కట్టుకుని లోపల కూర్చున్నాను. నీళ్ళు పడలేదు.

మరో రెండేళ్ళకు, ఎవరినీ అడగకుండా, నా జీతం ఇంట్లో ఇవ్వకుండా, ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్ళి లెన్సులు చేయించుకున్నాను. ఎడమ కన్ను దక్కింది. కుడి కంటి మంట తగ్గింది కానీ, మచ్చ పూర్తిగా కమ్మేయడంతో చూపు ఇక రాదన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి మిట్టమధ్యాహ్నపు ఎండను మంట లేకుండా చూశాను. సంతోషించాలో తిట్టుకోవాలో తెలియలేదు, రెండూ చేశాను.

గ్యారంటీ లేదమ్మా అని పక్కింటావిడకు నిజమే చెప్పాను. లెన్సు కింద గాలిబుడగ చేరితే తీసి మళ్ళీ పెట్టుకోవాలి, రోజూ కడగాలి, అందరికీ పడకపోవచ్చు కూడా. ఆ పిల్ల మాత్రం గ్యారంటీ అడగలేదు, ఎలా పెట్టుకుంటారో చూపించమంది. లెన్సు గిన్నెలో సెలైను నింపి, తల నేలకు వంచి చూపిస్తే, సోమవారమే సెలవు పెట్టి వెళ్తానంది. వాళ్ళమ్మ తానూ వస్తానంది. కాలం ఆ మేరకు మారింది, నాకది చాలా సంతోషం.

మా మామ పోయి చాలా కాలమైంది, ఆ చేనూ అమ్మేశాము. మా ఆయన ఇప్పుడు రోజూ పొద్దున్నే సెలైను సీసా మూత తీసి, నేను అడగకముందే నా చేతికి అందిస్తాడు. ఏమీ మాట్లాడడు. ఆ సాయంత్రం అరుగు మీద ఒక్క మాట మాట్లాడి ఉంటే, నాకు ఇవాళ రెండు కళ్ళుండేవి.