పసుపు పూసిన సెన్సార్

ఆటోమేటిక్ గేట్లు బిగించి బతికే సాయితేజకు ఈ మధ్య గేటున్న ఇల్లు చూస్తేనే రోత పుడుతోంది. సిరిసిల్లలో అతనిది రెండు గదుల ఇల్లు, ముందు ఒక రేకు తలుపు. మూడేళ్ల కూతురు అందులో వేళ్లు పెడుతుందేమోనన్న భయంతో, తలుపు పూర్తిగా పడకుండా సందులో పాత చెప్పు ముక్క ఇరికించి పెట్టాడు. భార్య రాధికకు అది చూస్తే నవ్వు.

"ఊరోళ్ల గేట్లన్ని మంచిగ మూస్తవు. మన తలుపును మాత్రం మూసుకోనియ్యవు," అంటుంది.

అతను డిగ్రీలో ఫిజిక్స్ చదివాడు. తండ్రి రాజమౌళి ముప్పై ఏళ్లు మరమగ్గాల మీద, సిరిసిల్ల మాటలో సాంచెల మీద పనిచేశాడు. ఆ సాంచెలు పోగు తెగితే ఆగుతాయి. మనిషి చెయ్యి పడితే ఆగవు. నూలు ఖరీదు తెలిసినవాడు చేసిన యంత్రం అది అని సాయితేజ చిన్నప్పుడే అనుకున్నాడు. పెద్దయ్యాక ఎవరింటికి పోయినా ముందు తలుపుల సందులు చూడడం అలవాటైంది. పెళ్లికి పోతే ఫంక్షన్ హాల్ గేటు దగ్గరే అరగంట నిలబడి, అటు పరుగెత్తే పిల్లలను వెనక్కి తరుముతుంటాడు. కూతురు పుట్టిన తర్వాత అది మరీ ముదిరింది.

అతని పనంతా జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపే. గల్ఫ్ పైసలతో లేచిన ఇళ్లు, వాటి ముందు రెండు రెక్కల ఇనుప గేట్లు. గేటు మీద నెమళ్లు కావాలంటారు, నెమళ్లకు బంగారు రంగు కావాలంటారు, ఇంటాయన పేరు వెనక లైటు కావాలంటారు. రిమోట్లు ఎన్నిస్తావని అడుగుతారు. సెన్సార్ మాట ఎత్తితే మాత్రం మొహాలు పక్కకు తిరుగుతాయి. గేటు స్తంభాల మీద ఎదురెదురుగా అగ్గిపెట్టెంత నల్లటి డబ్బాలు రెండు. ఒకటి కంటికి కనబడని వెలుగును పంపుతుంది, రెండోది దాన్ని చూస్తుంటుంది. మధ్యలో ఏదైనా అడ్డం వస్తే వెలుగు తెగుతుంది, మూసుకుంటున్న గేటు ఆగి వెనక్కి పోతుంది. అంతే సంగతి. ఆ డబ్బాలను ఏ ఎత్తులో పెట్టాలో చూడడానికి సాయితేజ మోకాళ్ల మీద కూర్చుని, చేతులు నేలకు ఆనించి, దోగాడే పిల్లలా గేటు దాటి చూస్తాడు. ఇంటివాళ్లు వరండాలో కుర్చీలు వేసుకుని ఆ తమాషా చూస్తారు. కొందరు ఫోన్లో వీడియో కూడా తీస్తారు.

దసరా వెళ్లిన పదో రోజు మస్కట్ నుంచి సురేందర్ ఫోన్ చేశాడు. కోరుట్ల శివారు కాలనీలో అతని ఇంటికి నాలుగు నెలల కింద సాయితేజే గేటు బిగించాడు.

"తమ్మీ, గేటు సప్పుడు జేస్తున్నదంట. ఓసారి సూసి పో. ఇంకో మాట, గా సెన్సార్ తీసేసెయ్. దాంతోని పరేషాన్ అయింది."

"ఏం పరేషాన్ అన్నా?"

"నువ్వు పోయి సూడు, నీకే ఎర్కయితది."

వేములవాడ, రుద్రంగి, కథలాపూర్ దాటుకుంటూ బండి మీద కోరుట్ల చేరేసరికి పదకొండయింది. గేటు మూసి ఉంది. సాయితేజ ముందుగా స్తంభం మీది సెన్సార్ చూశాడు. దాని అద్దం కనబడలేదు. దాని మీద పసుపు మెత్తి ఉంది, పసుపు మధ్యలో రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు, బొట్టు కింద ఎండిన బియ్యపు గింజలు. ఎదుటి స్తంభానికీ అదే అలంకారం. మోటార్లకూ బొట్లు పెట్టారు. వాటి వల్ల నష్టం లేదు, మోటారుకు చూపుతో పని లేదు.

పండగనాడు ఆయుధపూజ. కారుకు, బండికి, మిక్సీకి, గేటుకు. వీళ్ల ఊళ్లో కదిలేదల్లా దేవుడే. కదలకుండా కాపలా కాసేదాన్ని మాత్రం గుడ్డిదాన్ని చేసి దండం పెట్టారు.

కానీ అద్దం ఇట్లా మూసుకుపోతే గేటు అసలు మూసుకోకూడదు. వెలుగు అందకపోతే మధ్యలో ఎవరో ఉన్నారనే అది అనుకోవాలి. మరి ఇది ఎట్లా మూసుకుంది? సాయితేజ సంచిలోని రిమోట్‌తో గేటు తెరిచి, బండి లోపలికి తెచ్చి, మళ్లీ మూసి, కంట్రోల్ బాక్స్ మూత విప్పాడు. సెన్సార్ వైర్లు రావలసిన రెండు స్క్రూల మధ్య రెండంగుళాల ఎర్ర వైరు ముక్క అడ్డంగా బిగించి ఉంది. అంటే ఇక సెన్సార్ ఏం చూసినా, ఏం చూడకపోయినా, దారిలో ఎవరూ లేరనే గేటుకు తెలుస్తుంది. పక్కనే గేటు ఎంత బలంతో తోయాలో చెప్పే నాబ్ ఉంది. తను సగంలో ఆపిన దాన్ని చివరిదాకా తిప్పేశారు. రెక్కలు గుద్దుకునే చప్పుడు అందుకే.

ఇంట్లోంచి సురేందర్ తల్లి మొగిలవ్వ వచ్చింది.

"అచ్చినవా కొడుకా. పండుగ నాడు మా ఇజ్జతంత తీసింది నీ గేటు. సుట్టాలు కార్లు దిగుతుంటే ఆడికెల్లి ఫోన్ల నొక్కి మావోడే తెరిసిండు. మల్ల మూస్తనంటే మూసుకోకపాయె. అక్కడ ఆని రూంల పదిమంది సూస్తున్నరంట. అందరు నవ్విన్రట."

"అవ్వా, ఈ బాక్స్ ఎవరు విప్పిన్రు?"

"మన ఎలక్ట్రీషియన్ వెంకటి. ఫోన్ జేస్తె అచ్చి రెండు నిమిషాలల్ల చేసి పోయిండు. నువ్వయితె పొద్దంత నేల మీద పాక్కుంట తిరిగితివి."

ఆమె నవ్వింది. సాయితేజ నవ్వలేదు. పది రోజులుగా ఈ గేటు కళ్లు లేకుండా, పూర్తి బలంతో మూసుకుంటోంది. అదీ ఇక్కడున్నవాళ్లు నొక్కితే కాదు. సముద్రం అవతల ఒక మనిషి, గోడ మీది కెమెరా నాలుగు సెకన్ల ఆలస్యంగా ఫోన్లో చూపే వాకిలిని చూస్తూ నొక్కితే మూసుకుంటోంది.

అప్పుడే వాకిట్లోకి ఒక పిల్ల పరుగెత్తుకొచ్చింది. రెండున్నరేళ్లుంటాయి. వెనకే తల్లి లత, సురేందర్ భార్య. పిల్ల నేరుగా గేటు దగ్గరికి వచ్చి రెండు రెక్కలు కలిసే చోట చువ్వలు పట్టుకుని ఊగింది.

"అమృతా, మామ పని జేసుకుంటున్నడు. దిగు," అని లత పిల్లను ఎత్తుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "అన్నా, నీకొకటి సూపిస్త, రా," అంది.

ఇంటి పక్క సందులో ఒక మూడు చక్రాల సైకిల్ పడి ఉంది. గులాబీ రంగు ప్లాస్టిక్‌ది. ముందు చక్రం పక్కకు తిరిగి, మధ్యలో ఇనుప గొట్టం మడతపడి, సీటు చిట్లిపోయి ఉంది.

"మొన్న గేటు నడుమల వడ్డది. మూసుకుంట అచ్చి నొక్కేసింది. పిల్ల దిగి పువ్వు కోసం ఇటు ఉరికింది, గప్పుడే. నేను వాకిట్ల బట్టలేస్తున్న."

"అన్నకు చెప్పినవా?"

"చెప్పిన. 'పిల్ల దాని మీద లేదు గదా, ఇంకోటి కొందాం' అన్నడు. అత్తమ్మ దేవుడే సల్లంగ సూసిండని కొబ్బరికాయ కొట్టింది."

"ఏడ కొట్టింది?"

"గేటుకే."

సాయితేజ సైకిల్ దగ్గరికి పోయాడు. వంగి ఆ గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని సరిచేయబోయాడు. రాలేదు. గోడకు ఆనించి మోకాలితో నొక్కినా రాలేదు. ఎదిగిన మనిషి బలానికి లొంగని గొట్టం అది. ఆ సీటు మీద తన కూతురు కూర్చున్నట్టు ఒక్క క్షణం కనబడి, కళ్లు మూసుకున్నాడు.

ఎక్కువ రోత వెంకటి మీద కాదు, తన మీదే. ఈ గేటుకు ఒక జత చాలదని మొదట్లోనే తెలుసు. స్తంభాల మధ్య ఒక జత, రెక్కలు తిరిగే వాకిట్లో ఇంకో జత ఉండాలి. రెండో జతకు నేలలో చిన్న కంబాలు నాటాలి. "గ్రానైట్‌కు బొక్కలు కొట్టనియ్య," అన్నాడు సురేందర్ అప్పుడు ఫోన్లో. సరే అన్నా అన్నాడు తను. తన నోటితోనే అన్నాడు. గ్రానైట్ మెరుస్తోంది ఇప్పటికీ, పగులు లేకుండా, ఎక్కడా మచ్చ లేకుండా.

సంచిలోంచి మెత్తటి గుడ్డ తీసి, నీళ్లు తడిపి, సెన్సార్ దగ్గరికి పోయాడు. మొగిలవ్వ అడ్డం వచ్చింది.

"తుడువకు కొడుకా. పండుగ బొట్టు. నా కొడుకు పరాయి దేశంల ఉండె. దానంతటది పోవాలె గని మనం తుడువొద్దు."

"అవ్వా, ఇది దీని కన్ను. కుంకుమ మనిషికి నొసట పెడ్తమా, కంట్ల పెడ్తమా?"

"మిషిన్‌కు నొసలేడిది?"

"ఇగో, డబ్బా మీద. ఈడ నువ్వే పెట్టు, ఎంతన్న పెట్టు. నేను దండం గూడ పెడ్త."

మొగిలవ్వ కాసేపు డబ్బాను, అతన్ని మార్చి మార్చి చూసింది. చివరికి లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చింది. ఆమె రెండు డబ్బాల పైన కొత్త బొట్లు పెట్టిన తర్వాతే అతను కింద అద్దాలు తుడిచాడు. పసుపు నూనెతో కలిపి మెత్తినట్టుంది, గోటితో గీకవలసి వచ్చింది. ఎర్ర వైరు ముక్క విప్పేశాడు. బలాన్ని మళ్లీ సగానికి, ఆ తర్వాత ఇంకా కిందికి తిప్పాడు. రిమోట్‌తో గేటు తెరిచి, మూసే బటన్ నొక్కి, అలవాటు ప్రకారం మోకాళ్ల మీద పాకుతూ గేటు దాటాడు. మూసుకుంటున్న రెక్కలు ఆగి, వెనక్కి పోయాయి. అమృత చప్పట్లు కొట్టింది. సాయితేజ లేచి గేటు మూశాడు.

లత చేతిలో ఫోన్ మోగింది. వీడియో కాల్. సురేందర్ కెమెరాలో అంతా చూస్తున్నాడు.

"తమ్మీ, తీసెయ్యమంటె మళ్ల పెడ్తున్నవేంది?"

"అన్నా, పిల్ల సైకిల్ జూసిన. ఆ బలానికి పిల్ల పానం ఆగదు. నేను పెట్టిపోత, లోపల ఇంకో జత గూడ పెడ్త. నాలుగు బొక్కలు కొట్టాలె, అంతే."

"బొక్కలు వద్దన్న గదా. కుక్క పోతె ఆగుతది, ఆకు వడితె ఆగుతది. మొన్న పదిమందిల మొకం లేకుంటయింది నాకు."

"ఆగాలనే గదన్నా పెట్టింది."

ఫోన్లో సురేందర్ మొహం పక్కకు జరిగింది. అతని వెనక ఇనుప మంచాలు, ఒకదాని మీద ఒకటి, వాటికి ఆరేసిన లుంగీలు కనబడుతున్నాయి. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు మారింది.

"మూడేండ్లయింది ఇంటికి రాక. గా ఇంట్ల నేను ముట్టుకుంటె కదిలేది గదొక్కటే తమ్మీ. పొద్దున పాలోడు అస్తె నేనే తెరుస్త. నా బిడ్డ స్కూలుకు పోయే రోజు గూడ నేనే తెరుస్త. నువ్వు దాన్ని గూడ గుంజుకుంటున్నవు."

సాయితేజకు జాలి కలగకపోలేదు. ఆ జాలి మీదే మళ్లీ రోత పుట్టింది. మూడేళ్లుగా రాని మనిషికి ఇంటి మీద మిగిలిన ప్రేమంతా ఒక వేలి కొసకు చేరింది, ఆ వేలి కింద రెండున్నరేళ్ల పిల్ల తిరుగుతోంది.

"నేనైతె వైరు కలపనన్నా," అన్నాడు.

"నువ్వు కలపకుంటె వెంకటి కలుపుతడు. నువ్వు పో. మెట్‌పల్లిల మావోళ్ల రెండు గేట్లకు నీ పేరే చెప్పిన. ఇగ చెప్ప."

కాల్ తెగింది. మొగిలవ్వ తల పక్కకు తిప్పుకుంది. సాయితేజ సామాను సర్దడం మొదలుపెట్టాడు. రెండంగుళాల వైరు, ఒక స్క్రూడ్రైవర్, రెండు నిమిషాలు. తను తుడిచిన అద్దానికీ, పాకిన పాకుడుకీ ఉన్న విలువ అంతే. రేపు సాయంత్రానికి ఈ గేటు మళ్లీ గుడ్డిదవుతుంది.

"చెల్లె," అన్నాడు లతతో, "కరెంటు పోతె గేటు ఎట్ల తీస్తున్నరు?"

"అచ్చేదాక ఆగుతున్నం."

"తాళంచెవులు ఇచ్చిన గదా, చిన్నయి రెండు?"

లత లోపలికి పోయి వెతికింది. దేవుడి అల్మారాలో, ఇంటి కాగితాల కింద దొరికాయి. సాయితేజ ఆమెను మోటారు దగ్గర కూర్చోబెట్టి చూపించాడు. రబ్బరు మూత జరపాలి. చెవి పెట్టి కుడి వైపు తిప్పాలి. అప్పుడు మోటారు వేరు, గేటు వేరు. చేత్తో నెడితే మామూలు గేటులా కదులుతుంది. ఎవరు ఎక్కడ నొక్కినా రెక్కకు అందదు.

"కరెంటు పోయినప్పుడు తిప్పాలె. మళ్ల ఎడమకు తిప్పితె కలుస్తది. చెవులు పిల్లకు అందనియ్యకు," అన్నాడు. ఇంకేం చెప్పలేదు. ఆమె ఇల్లు, ఆమె భర్త. మధ్యలో తను ఎవరు?

లత పిల్లను అత్తకు అందించి, రెండో మోటారుకు తానే చెవి పెట్టింది. మొదట ఎడమకు తిప్పబోయి, గుర్తు తెచ్చుకుని కుడికి తిప్పింది. టక్కుమంది. తర్వాత మొదటి మోటారు దగ్గరికి వచ్చి దాన్నీ తిప్పింది. లేచి రెక్కలను ఒక్కొక్కటిగా లోపలికి లాగింది. గేటు బరువుగా, చప్పుడు లేకుండా తెరుచుకుంది.

"ఏం జేస్తున్నవే?" అంది మొగిలవ్వ.

"కరెంటు పోయింది అత్తమ్మ."

వరండాలో ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. మొగిలవ్వ దాన్ని చూసింది, కోడలిని చూసింది, చంకలో ఉన్న మనవరాలిని చూసింది. పిల్లను ఇంకొంచెం పైకి ఎత్తుకుంది.

ఫోన్ మళ్లీ మోగింది. లత ఎత్తింది, స్పీకర్ పెట్టింది.

"గేటు ఎందుకు తెరిసున్నది? మూస్తున్న, మూసుకుంటలేదు."

మోటార్లు రెండూ గుర్రుమన్నాయి. రెక్కలు కదల్లేదు. ఆగి, మళ్లీ గుర్రుమన్నాయి.

"నేనే ఇప్పిన," అంది లత. "చెవులు నా తాన ఉన్నయి. వెంకటికి గూడ ఇయ్య. పొద్దున పాలోనికి నేను తీస్త. నువ్వు అచ్చినంక, నీ కండ్లతోని వాకిలి జూసి, గప్పుడు కలుపుదాం."

మోటార్లు మూడోసారి గుర్రుమని, నాలుగోసారి మొదలై మధ్యలోనే ఆగిపోయాయి. సాయితేజ బండి స్టార్ట్ చేసి బయటికి రాగానే, వెనక లత చేత్తో గేటు మూసుకుంది.