తీతువు గుడ్లు, అమ్మ కాలు

పిట్టలు చూసేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో చేరి ఆరు నెలలైనా నన్ను పలకరించిన నాథుడు లేడు. ఒళ్ళు మండి ఒకరోజు రాసి పారేశాను: "మా ఊరికి రండి. తీతువు గుడ్లు చూపిస్తాను." నేలమీద నాలుగు గుడ్లున్నాయని అమ్మ ఫోన్లో చెప్పింది. నాకొక్కడికే చెప్పిందనుకోండి, అది వేరే సంగతి.

ఆదివారం పొద్దున్నే విరుదునగర్ నుంచి ఇరవై మంది వ్యాన్ దిగారు. మాది కోవిల్‌పట్టి నుంచి కళుగుమలై వెళ్ళే వైపున్న తమిళనాడు ఊరు, ఇంట్లో మాత్రం తెలుగు. టీకొట్టు దగ్గర మొదలుపెట్టి, నల్లరేగడి బీడు దాటి, ఎండిన చెరువు చుట్టి మళ్ళీ టీకొట్టుకే వచ్చే దారి. మూడు కిలోమీటర్లు, ఎత్తుపల్లాలు లేవు, పసిపిల్లలూ నడవొచ్చు. నీడ మాత్రం అడక్కూడదు, ఉన్నవన్నీ తుమ్మలే. గ్రూపు పెద్ద ఒక రిటైరైన సైన్సు మాస్టారు. ఆయన నా భుజం తట్టి, "ఇవాళ నాయకుడు మీరే" అన్నారు. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను.

అమ్మ కూడా బయల్దేరింది. చెప్పుల్లేకుండా అందరికంటే ముందు నడుస్తూ పాలపిట్టనీ పికిలిపిట్టనీ వేలు పెట్టి చూపించింది. సగం దారిలో, వీళ్ళంతా అసలు దేనికొచ్చారని నన్నడిగింది. చెప్పాను.

"గుడ్లకా? ఇంతమందినా? నీకేం పిచ్చా నైనా? మనుషులు గుమిగూడితే కాకి చూస్తుంది. ఒక్కటి మిగలదు."

"మాటిచ్చేశానమ్మా. పరువు పోతుంది."

"పోనీ" అంది.

ఇంకో యాభై అడుగులుందనగా తీతువు లేచి అరవడం మొదలుపెట్టింది. అదే క్షణంలో అమ్మ "అయ్యయ్యో, నా కాలు!" అంటూ కూలబడింది. డెబ్భై ఏళ్ళ మనిషి, ఎముక విరిగితే? వీపున ఎక్కించుకున్నాను. అప్పుడు చెవిలో, అక్కడెవరికీ రాని మా ఇంటి తెలుగులో, "కాలు బాగానే ఉండాది. గమ్మున నడువు. వాండ్లు చూస్తా ఉండారు" అంది.

"దించేస్తా" అన్నాను పళ్ళు కొరుకుతూ.

"దించు. రొంబ గట్టిగా ఏడుస్తా."

ఇంతలో పిల్లలు గుడ్లెక్కడని గోల పెట్టారు. గుడ్లు ఎడమవైపు గులకరాళ్ళలో ఉన్నాయి. ముందురోజు సాయంత్రం నేనూ వెళ్ళి చూశాను. తల్లి తీతువేమో కుడివైపుకు పోయి గొంతు చించుకుంటోంది. మనుషుల్ని దారి మళ్ళించడానికి అది వేసే ఎత్తు అదే. అమ్మ నా మెడ చుట్టూ చేతులు బిగించింది. ఆరు నెలలకు దొరికిన నాయకత్వం! కడుపు మండిపోతుంటే కుడివైపు చెయ్యి చూపించాను.

పావుగంట వెతికారు. ఏముంటుంది? "అన్నీ గప్పాలే" అని ఒకాయన తమిళంలో అంటే అందరూ పగలబడి నవ్వారు. మిగతా దారంతా అమ్మను మోస్తూ నడిచాను. ఆవిడ ఎవరో పిల్ల ఇచ్చిన కడలమిఠాయి, అదే వేరుశనగ అచ్చు, తీరిగ్గా కొరుకుతుంటే పలుకులు నా కాలర్లో రాలాయి.

టీకొట్టు దగ్గర మాస్టారు వచ్చి అమ్మ పాదం నొక్కి చూశారు. మహాతల్లి మూలగడం మరిచిపోయింది. ఆయన గొంతు తగ్గించి నాతో తమిళంలో అన్నారు: "తీతువు అరిచే వైపు గుడ్లుండవని నాకు తెలియదా? ఎడమవైపు ఉన్నవి నేనూ చూశాను."

తర్వాత అందరికీ వినబడేలా చెప్పారు. "అమ్మగారి కాలికి నెల రోజులు విశ్రాంతి కావాలి. అందాకా మనం ఈ దారికి రావద్దు."

గుడ్లు పిల్లలు కావడానికీ నెలే పడుతుంది. ఇందాక అమ్మను తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసి తలెత్తలేకపోయాను.

అమ్మ మళ్ళీ నా చెవి దగ్గరికి వంగింది. ఈసారి గొంతులో నిజంగానే భయం. "నెల దినాలూ నేను కుంటల్లానా నైనా?"

"కుంటాల్సిందే" అన్నాను.