మోటారు సీట్లకు రంగు తెచ్చిన బావ

మా అక్క భర్త, నాకు బావ, పోయిన నెల నాందేడ్‌లో కాలం చేశాడు. జ్వరంగా ఉందని తెలిసి చూడటానికి నిజామాబాదు నుంచి రైల్లో బయల్దేరాను. నాందేడ్ స్టేషన్లో దిగితే అక్కడి జాగీర్దారు గారి డ్రైవరు ఎదురొచ్చి నా చేతిసంచి అందుకున్నాడు. "పొద్దుగాలనే పోయిండు సాబ్," అన్నాడు. మోటారు తలుపు తీశాడు. వెనక సీటుకు రంగు మా బావ చేతి మీదుగా వచ్చిందే. ఎండిన రేగుపండు రంగు. దాని మీద కూర్చోవడానికి కాసేపు మనసొప్పలేదు.

ఇంటి ముందు జనం బాగానే ఉన్నారు. పాడె మోసేవాళ్ళకు కులం కట్టు అడ్డం రాదు, తినేవాళ్ళకే వస్తుంది. మా అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. నన్ను చూసి అడిగిన మొదటి మాట ఇది: "తమ్మీ, పన్నెండో దినం మన ఇంట్ల ఆకు ముందట ఎవరు కూసుంటరు?"

ఈ ప్రశ్న బయటివాళ్ళకు చిన్నదిగా కనిపించవచ్చు. మా కులంలో పన్నెండో రోజున పదిమంది వచ్చి ఆ ఇంట ముద్ద ముడితేనే పోయినవాడు పెద్దల్లో కలిసినట్టు లెక్క. ముట్టకపోతే ఆ మనిషీ లేడు, ఆ ఇల్లూ లేదు. తోలు ముట్టాడన్న నేరానికి మా బావను ఏళ్ల క్రితమే బంతిలోంచి లేపేశారు. ఇప్పుడు ఆయన పోయాక కూడా ఆ కట్టు నిలుస్తుందా అన్నదే అక్క భయం.

మా బావది ఇత్వారా బజారులో రంగుల దుకాణం. సాలెవాళ్ళకు నూలు అద్దే రంగులు అమ్మేవాడు. ఒక ఎండాకాలం ఈ డ్రైవరే దుకాణానికి వచ్చి, జాగీర్దారు గారి మోటారు సీట్లు ఎండకు తెల్లబారి పగుళ్లిచ్చాయని, బట్టకు వేసే రంగు తోలుకు పడుతుందా అని అడిగాడు. మా బావ అప్పటికప్పుడే దుకాణం తలుపులు దగ్గరికి వేసి అతని వెంట వెళ్ళిపోయాడు. మళ్ళీ దీపాలు పెట్టే వేళకు గాని ఇంటికి రాలేదు.

ఆ రోజు ఏం చేశావని తర్వాత నేనడిగితే, "కూసున్న," అన్నాడు.

"పొద్దంతానా?"

"పొద్దంత. దాని పానం పోలేదు బామ్మర్ది. ముఖం పోయింది, గంతే."

ఆయన పని చేస్తుండగా నేను చాలాసార్లు చూశాను. ఇప్పుడు తలుచుకుంటే అవన్నీ ఒకే మధ్యాహ్నంలా కలిసిపోతాయి. జాగీర్దారు గారి గడీ వెనక పెద్ద చింత నీడ. ఆ నీడలో తలుపులన్నీ తెరిచి పెట్టిన మోటారు, రెక్కలు చాపి నిద్రపోతున్న పెద్ద పక్షిలా ఉండేది. మొదట సీటు దిండు లేపి, మడతలో ఎండ తగలని మూల ఎక్కడుందో వెతికేవాడు. అక్కడ ఆ తోలు అసలు రంగు దాక్కుని ఉంటుంది. వేలి గోరంత మేర కనబడినా చాలు. దాన్ని చూసి కళ్ళు మూసుకునేవాడు. తెరిచి మళ్ళీ చూసేవాడు. తర్వాత కుంకుడు నురగతో మురికి తీసి, ఆరనిచ్చి, ఆముదం పట్టించి తోలును మెత్తబరిచేవాడు. ఆముదం పూర్తిగా ఇంకిపోయేదాకా, ఒక్కోసారి రోజుల తరబడి, దాని జోలికి పోయేవాడు కాదు. పైన మిగిలిన జిడ్డు స్పిరిటుతో తుడిచేశాక గాని రంగు డబ్బా తెరిచేవాడు కాదు. అందులో దూది ముంచి, పిండి, పసిపాప చెంప తుడిచినట్టు తుడిచేవాడు. ఒక పూత, ఇంకో పూత. ఎరుపు మెల్లగా తోలు లోపలి నుంచే పైకి వస్తున్నట్టుండేది. స్పిరిటు వాసన, ఆముదం వాసన, చింతచిగురు వాసన. దూరంగా గోదావరి మీది గాలి. నాకు కునుకు పట్టేది. లేచి చూస్తే మోటారు పడుచుదైపోయి ఉండేది.

"ఏం బామ్మర్ది, నీ పుస్తకాలల్ల ఎరుపు ఎన్ని తీర్లని రాసిండ్రు?" అని నవ్వేవాడు. ఆయన వినయం ఉన్న మనిషేమీ కాదు. దెగ్లూర్ నుంచి, బిలోలి నుంచి వకీళ్ళు మోటార్లు పంపితే, నచ్చని మోటారును తిప్పి పంపేవాడు. "ఈ బండి పెద్దమనిషి సిగరెట్టు సీటుకే ఆర్పుతడు. నేనెందుకు ఎయ్యాలె రంగు?" అనేవాడు. ఆయన చేతులకు ఎప్పుడూ ఎరుపు ఉండేది. అక్క దెప్పేది: "నా గోరింటాకు వారం దినాలకు పోతది. ఈయన గోరింటాకు కాటికి పోయినా పోదు." అలాగే అయింది.

బంతిలోంచి లేపింది మా కులపెద్ద. ఆయనా బావా ఒకే వాడలో పెరిగినవాళ్ళు. పెండ్లి బంతుల్లో ఎప్పుడూ పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. కులపెద్దకు తీపి పడదు. తన ఆకులో బూరెలు మా బావ ఆకులోకి తోసేవాడు. అలాంటి మనిషి పంచాయితీ పెట్టి, "సచ్చిన పసురం తోలు పిసికెటోనితోని మేము తినం," అన్నాడు. ఆ రోజు మాట్లాడినవాళ్ళలో సగం మంది నడుములకు తోలు పటకాలున్నాయి. ఆ మాట నేనంటే, "చదువుకున్నోనివి, నీకు కులం సంగతి తెల్వది," అన్నారు. చాలా చదివాను. మనుషులు తమకు కావలసిన తోలును తోలని ఎందుకు అనుకోరో ఎక్కడా దొరకలేదు.

తర్వాత కొన్నేళ్ళకు కులపెద్ద కూతురు పెండ్లి వచ్చింది. మండు వేసవి. ముద్ఖేడ్ పోయి పెండ్లికొడుకును మోటారులో తీసుకురావాలన్నది ఆయన ముచ్చట. జాగీర్దారు మోటారు ఇస్తానన్నాడు. అప్పుడే మా బావ ఆ సీట్లకు రంగు వేసి, ఎవరూ కూర్చోకుండా వాటి మీద ఎండిన తుమ్మకంప పరిచి పెట్టాడు. తడిపిన తెల్లగుడ్డతో రుద్దితే గుడ్డ తెల్లగానే రావాలి. అప్పటిదాకా కంప తీసేవాడు కాదు.

కులపెద్ద మరి ముగ్గురిని వెంటబెట్టుకుని గడీకి వచ్చాడు. డ్రైవరు చేతులు జోడించి, "సేఠ్, రంగ్ అభీ కచ్చా హై," అన్నాడు.

"రంగు ఇంకా పచ్చిగున్నది, రెండు దినాలు ఆగుండ్రి," అన్నాడు మా బావ కూడా. "లేకుంటె జంపఖానా ఏసుకొని కూసుండుండ్రి."

"నీతోని మాకు మాటల్లేవు," అని కులపెద్ద డ్రైవరు వైపు తిరిగి, "కంప తియ్యి," అన్నాడు.

కంప తీశారు. నలుగురూ కొత్త తెల్ల ధోవతులతో కూర్చుని ఎండలో ముద్ఖేడ్ పోయారు, వచ్చారు. పెండ్లికొడుకు మాత్రం తల్లి వేసిన శాలువా మీద కూర్చుని వచ్చాడట, బతికిపోయాడు. వాడ మొదట్లో దిగి, బాజాల ముందు పెద్దరికంగా నడిచారు నలుగురూ. వెనక నుంచి ధోవతుల ఎరుపు చూసినవాళ్ళకు సంగతి అర్థమైంది. వాళ్ళకు మాత్రం తెలియదు. మా బావ గుంపులోంచి తోసుకుని వెళ్ళి, "పెద్దమనిషీ, జర వెనుకకు..." అనబోయాడు.

"దూరం," అన్నాడు కులపెద్ద.

బావ దూరంగానే ఆగిపోయాడు. ఊరేగింపు ఇత్వారా దాటింది. మంగళహారతి పట్టిన ముత్తైదువ పళ్ళెం పక్కదానికిచ్చి, కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కడుపారా నవ్వాను, దాచను. బావ నవ్వలేదు. ఆ సాయంత్రమే గడీకి పోయి, సీట్లలో వెలిసిన చోటల్లా తడిమి చూసి, ఎవరూ అడగకుండానే మళ్ళీ పని మొదలుపెట్టాడు.

ఆ నవ్వుకు శిక్ష మా అక్క మీద పడింది. మర్నాటి నుంచి ఆమెకు పసుపు బొట్టుకు పిలుపులు ఆగిపోయాయి. నోములైనా, సీమంతాలైనా సరే. ఒకసారి నేను, "దుకాణం రంగులు అమ్ముకో బావా, ఈ తోలు పని విడిచిపెట్టు, అక్కకైనా పిలుపొస్తది," అన్నాను. "మీ అక్క వద్దంటె ఇడుస్త," అన్నాడు ఆయన. లోపలి నుంచి అక్క, "నేనంటినా?" అంది. ఆ సంగతి అక్కడితో సరి.

సరే, పన్నెండో రోజు. అంతకు ముందు చుట్టమొకాయన వచ్చి, "ఎంత మంచి మనిషి పోయిండు," అన్నాడు. "మంచోడని మీకు ఎప్పుడు తెలిసింది, పోయినంకనా?" అన్నాను. ఆయన మంచినీళ్ళు ముట్టకుండానే వెళ్ళిపోయాడు. అక్క నన్ను కోప్పడింది. మంచి చెడ్డ ఎరిగి మాట్లాడమంది.

అక్క వాకిట్లో రెండు వరసలుగా మోదుగాకు విస్తళ్ళు వేయించింది. అన్నం, పప్పు, గారెలు, పరమాన్నం సిద్ధమయ్యాయి. కులంవాళ్ళు వచ్చారు గాని వీధి మూలన నిలబడ్డారు. ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. పెద్ద ఏం చేస్తే అది చేద్దామని. అక్క ఎవరినీ పిలవలేదు. ఖాళీ ఆకుల ముందు వంగి, ఒక్కో ఆకులో అన్నం వడ్డిస్తూ పోయింది. ఎవరూ లేని బంతి మీద ఆవిరి లేచింది.

అప్పుడు వీధిలో మోటారు ఆగింది. కులపెద్ద ఈ మధ్యే కొన్నది, పాతది. దాని సీట్లకు కూడా రంగు తెచ్చింది మా బావే. మోటారును తన డ్రైవరు చేత పంపి, డ్రైవరు చేతే తెప్పించుకున్నాడని ఊరందరికీ తెలుసు. ఆయన దిగలేదు. తలుపు తెరిచీ దిగలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మా వాకిలి వంక చూస్తూ కూర్చున్నాడు. అనాల్సినవన్నీ నా నాలుక చివర ఉన్నాయి. నేను లేచాను.

అక్క నన్ను పక్కకు జరిపింది. బొట్టు తీసిన మనిషి ఏడాది దాకా గడప దాటకూడదంటారు. ఆమె ఒక విస్తరి రెండు చేతులా ఎత్తుకుని గడప దాటింది. మోటారు దగ్గరికి పోయి నిలబడింది.

"దిగరాకుంటె దిగకు అన్నా," అంది. "ఈడనే తిను."

ఆయన చాలాసేపు ఆ ఆకును చూశాడు. తర్వాత చేతులు చాపి అందుకుని, ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ ఎర్రటి సీటు మీదే కూర్చుని, తల వంచుకుని, మొదటి ముద్ద కలిపాడు. మూలన నిలబడినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మా నీళ్ళ గోలెం దగ్గర కాళ్ళు కడుక్కోవడం మొదలుపెట్టారు. ఆయన ఎవరినీ చూడలేదు. పరమాన్నం కూడా విడిచిపెట్టకుండా మెల్లగా తిన్నాడు. తిన్నంతసేపూ మా అక్క చెంబుతో నీళ్ళు పట్టుకుని ఎండలో నిలబడింది. చివరికి ఆయన మోటారులోంచి చెయ్యి బయటికి చాపాడు. ఆమె పోసింది. నీళ్ళు ఆ ముసలి వేళ్ళ సందుల్లోంచి జారి, కింద దుమ్ములో చిన్న చిన్న గుంటలు చేస్తున్నాయి.