కాస్త తిట్టండర్రా

చుట్టుపక్కల ఊళ్ళలో పోస్టర్లు, పుస్తకాల అట్టలు, బోర్డులు డిజైన్ చేసేవాళ్ళందరికీ ఆయన బాబాయి. పదకొండేళ్ళపాటు ప్రతి ఆదివారం పొద్దున వాళ్ళ పనులన్నీ పేర్లు కనబడకుండా తన ముందుగది గోడకు గుచ్చేవారు. వేసినవాళ్ళు నోరు మెదపకూడదు, మిగతావాళ్ళు తప్పొప్పులు చెప్పాలి. ఊరికే "బాగుంది" అని తప్పించుకున్నవాళ్ళు టీ గ్లాసులు కడగాలి. వాదన ముదిరితే ఆయనకు పండగే. చెవి మీది పెన్సిల్ తీసి బొటనవేలి గోరు మీద టకటకలాడిస్తూ వినేవారు. ఆయన పనికి మాత్రం తీర్పరి ఆయన భార్య, అందరి పిన్ని. వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒక్క మాట అనేది. ఆయన మారుమాటాడకుండా చెరిపేసేవారు. పిన్ని పోయాక ఆయన పనికి వంక పెట్టినవాళ్ళు లేరు.

ఒక ఆదివారం ఆయన ఒక నాటకానికి తను గీసిన పోస్టరు గుచ్చారు. ఎవరైనా తప్పు పట్టుకుంటారేమో చూద్దామని తేదీని కావాలనే ఒక మూల, చీమ తలకాయంత రాశారు. పేరు లేకపోయినా ఆ చెయ్యి ఎవరిదో అందరికీ తెలిసిపోయింది. "బాగుంది బాబాయ్! గ్లాసులిలా తెండి, నేనే కడుగుతా." "నువ్వాగరా, ముందు అన్నది నేను!" "కాస్త తిట్టండర్రా," అన్నారు బాబాయి. కుళాయి దగ్గర మూగినవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఆయనా నవ్వారు. అందరూ వెళ్ళాక వంటగది గుమ్మంలో చాలాసేపు నిలబడి పోస్టరు వంక చూశారు. చివరికి అక్కడి తువ్వాలుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, పిన్ని అడిగేటట్టే తనే అడిగారు: "తేదీ ఏదండీ? జనం ఎప్పుడు రావాలి?"