గదికి రెండు గ్లాసుల బియ్యం

ఇరాక్ సైన్యం ఈ దేశాన్ని ఆక్రమించి బడులు మూతపడ్డాక మన జాబ్రియా బిల్డింగ్ సెల్లార్‌లో మా చెల్లెలు సరళ పిల్లలకు పాఠాలు చెబుతోంది. మధ్యాహ్నం వాళ్ల గంజికి ప్రతి ఫ్లాటూ గదికో గ్లాసు బియ్యం ఇస్తోంది. పక్క బిల్డింగుల పిల్లలూ వస్తున్నారు, రెండు గ్లాసులు చేద్దామని ఈ ఉదయం అక్కడే అందరినీ అడిగాను.

నాలుగు గదుల ఫ్లాటులో ఉండే సుధాకర్ గారు ఒప్పుకోలేదు. "మాకు పిల్లలే లేరు కదక్కా, మేమెందుకివ్వాలి?" అన్నారు.

అంతలో ఇరాక్ సైనికులు దూసుకొచ్చారు. బియ్యం బస్తా ఎత్తుకున్నారు. అడ్డుపడిన సరళ చేతిని తుపాకీ మడమతో కొట్టారు, మణికట్టు విరిగింది. పిల్లల ముందే బల్లలు ముక్కలు చేశారు. పైకి పరుగెత్తిన సుధాకర్ గారి వెంటపడి, ఆయన తలుపు విరగ్గొట్టి, ఆయన్ని మెట్ల మీంచి తోసేశారు.

సరళకు కట్టు కడుతుంటే ఆయన నెత్తురోడే తలకు తువ్వాలు అదుముకుని వచ్చారు.

"ఇంక బడి ఖలాసేనా అక్కా?"

"ఎడమ చెయ్యి ఉందిగా అన్నా. రేపు దాంతో రాస్తా," అంది సరళ.

చీకటి పడ్డాక దీపం పట్టుకుని వచ్చి, ఈ కాగితం మెట్ల దగ్గర అంటిస్తున్నాను. తలుపులు పగలగొట్టేవాళ్లు ఏ ఇంట్లో పిల్లలున్నారని అడగలేదు. నేనూ అడగను. కాదనేవాళ్లు రేపు పొద్దున కిందికొచ్చి చెప్పండి. వచ్చేటప్పుడు బియ్యం తెండి.