వరసకు మామ, నాకు అన్న

సూర్యాపేట నుంచి వచ్చే బస్సు మిర్యాలగూడ దగ్గరపడే కొద్దీ ఉడికిన వడ్ల వాసన కిటికీలోంచి లోపలికి వస్తుంది. ఉప్పుడు బియ్యం కోసం వడ్లు నానబెట్టి ఆవిరి పట్టే మిల్లులు అక్కడ రోడ్డు పొడుగునా ఉంటాయి. ఆ పులిసిన వాసనకు కొత్తవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. నాకది సాయంత్రం ఐదున్నర వాసన. నా పదేళ్ల వయసులో, అంటే రెండువేల ఒకటిలో, మిల్లు నుంచి ఇంటికొచ్చే సైదులు మామ చొక్కాకు, జుట్టుకు, చివరికి ఆయన జేబులోంచి తీసిచ్చే పల్లీపట్టీ కాగితానికి కూడా అదే వాసన ఉండేది.

సైదులు మామ మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. నిడమనూరు దగ్గర గొర్లు కాసుకునే మా తాత పాము కరిచి చనిపోయినప్పుడు ఆయనకు పన్నెండేళ్లు, నాకు ఏడాది. అమ్మమ్మ ఒక్కతే సాకలేదని అమ్మ ఆయన్ను మిర్యాలగూడకు, తన దగ్గరికి తెచ్చుకుంది. అప్పటికే ఒక కాన్పు పోగొట్టుకుని ఉన్న అమ్మ, నా తర్వాత మళ్లీ పిల్లలు వద్దనుకుని, ఇద్దరినీ ఒకే పళ్లెంలో కలిపి ముద్దలు పెట్టి పెంచింది. నాకు నడక నేర్పింది, అక్షరాలు దిద్దించింది, సైకిల్ ముందు గొట్టం మీద తువ్వాలు చుట్టి కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోయింది మామే. సాగర్ కాలువకు నీళ్లు వదిలిన వానాకాలంలో గట్టు మీద ఆపి, నీళ్లలో కొట్టుకొచ్చే కొబ్బరి చిప్పలు, తామరాకులు చూపించేవాడు. బతుకమ్మ రోజులొస్తే తెల్లవారకముందే లేచి తంగేడు, గునుగు కోసుకొచ్చి, గునుగు పూలకు రంగులద్ది, అరచేతులు వారం దాకా ఊదారంగుతో తిరిగేవాడు. అమ్మ సద్దుల బతుకమ్మ నైవేద్యానికి నువ్వుల పొడి, పల్లీల పొడి దంచుతుంటే నేను రోలు చుట్టూ తిరిగి చేతులు చాపేదాన్ని, ఆయన నా వెనక నిలబడి తన వాటా కూడా నాకే ఇప్పించేవాడు.

ఇంత సంతోషం మధ్య ఒక మాట ఎప్పుడూ ఉండేది. పక్కింటి వాళ్లు, చుట్టాలు, పాలు పోసే అవ్వ, ఎవరొచ్చినా నన్ను పట్టుకుని, "ఎవర్ని చేసుకుంటవే పిల్లా?" అనేవాళ్లు. "సైదులు మామని" అనేదాన్ని నేను. అందరూ నవ్వేవాళ్లు, అమ్మమ్మ ఉంటే బెల్లం ముక్క పెట్టేది. మేనమామను చేసుకోవడం మా ఇళ్లలో కొత్త కాదు. నాకు తెలిసిందల్లా ఆ మాట అంటే బెల్లం వస్తుందని. మామ ఒక్కడే నవ్వేవాడు కాదు, ఏదో పని ఉన్నట్టు లేచి బయటికి పోయేవాడు.

పదమూడో ఏట నేను పెద్దమనిషినయ్యాను. మేనమామ తేవలసిన చీర మామే తెచ్చాడు. గడప బయట నిలబడి, నా వైపు చూడకుండా, అమ్మ చేతికిచ్చి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి సైకిల్ ఆగిపోయింది. "ఇగ మామ ముంగట తిరగకు, మాట్లాడకు, రేపు చేసుకునేటోడు" అని అమ్మమ్మ కట్టడి చేసింది. రెండు గదుల ఇల్లు మాది. ఆయన వస్తే నేను వంటింట్లోకి పోవాలి, నేను నీళ్లకు పోతే ఆయన అరుగు దిగాలి. నాకు లెక్కలు రాకపోతే చెప్పేవాళ్లు లేరు. నా అన్నం పళ్లెం పక్కన ఆయన పళ్లెం లేదు. చుట్టాలు వచ్చినప్పుడల్లా, "అదృష్టవంతురాలు, పెండ్లయినా ఈ గడప దాటే పని లేదు" అని నన్ను మెచ్చుకునేవాళ్లు. నాకు ఆ పెండ్లి వద్దు. ఎవరితో చెప్పుకోవాలో తెలియదు. అంతకుముందు అన్నీ చెప్పుకున్నది మామతోనే.

ఆయనకూ చెప్పుకునే చోటు లేదని నాకు తర్వాత అర్థమైంది. అక్క తిండి తిని పెరిగినవాడు అక్క మాటకు ఎట్లా అడ్డం చెబుతాడు? నాలుగేళ్లు ఆయన మిల్లులోనే ఎక్కువసేపు గడిపాడు. ఇంటికొచ్చి తలవంచుకుని తిని పడుకునేవాడు.

నేను ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా రాఖీ పున్నమ వచ్చింది. అమ్మమ్మ నిడమనూరు నుంచి వచ్చి ఉంది. దసరా ఎల్లగానే ముహూర్తం పెడదామని అంతకు రెండు రోజుల ముందే అమ్మా ఆమే అనుకున్నారు. నాయన ఎప్పటిలాగే అమ్మ మాటకు తల ఊపాడు. పొద్దున అమ్మ తమ్ముడికి బొట్టుపెట్టి, రాఖీ కట్టి, నోట్లో లడ్డు పెట్టింది. నేను చిన్నాయన కొడుకుల కోసం తెచ్చుకున్న రాఖీలు పట్టుకుని వంటింటి తలుపు దగ్గర నిలబడ్డాను.

మామ చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"స్వప్నా, గా రాఖీలకెల్లి ఒకటి తే. నువ్వు గూడ కట్టు" అన్నాడు. నాలుగేళ్ల తర్వాత ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"ఏం మాటరా అది? చేసుకునేదానితోని రాఖీ కట్టించుకుంటరా?" అంది అమ్మమ్మ.

"నేను చేసుకోనవ్వా. గా పిల్లను ఎత్తుకొని తిప్పిన. చెల్లె లెక్కనే సూసిన."

అమ్మ చేతిలో పళ్లెం కింద పెట్టింది. "నిన్ను కన్నబిడ్డ లెక్క సాదిన సైదులూ. గిదేనా నాకు నువ్వు చేసేది?"

"కన్నబిడ్డ లెక్క సాదినవ్ గనకనే చెప్తున్న అక్కా. నేను నీ బిడ్డనే, అది నీ బిడ్డనే. ఇగ మా ఇద్దరికి వరసేమైతదో నువ్వే చెప్పు."

అమ్మ నా వైపు తిరిగి, "కట్టినవంటే నీకు తల్లి లేదనుకో" అంది.

వంటింటి తలుపు నుంచి ఆయన కూర్చున్న చాప దాకా ఆరేడు అడుగులుంటాయి. అమ్మ పక్కనుంచే నడిచిపోయి కూర్చున్నాను. స్పంజి పువ్వు, జరీ అంచు ఉన్న రాఖీ అది. దారం ముడి రెండుసార్లు జారింది. మూడోసారి మామ తన ఎడమచేతి వేలు ముడి మీద అదిమి పట్టుకుంటే పడింది. అమ్మ తాను కట్టిన రాఖీ పట్టి లాగింది, దారం తెగి ఆయన మణికట్టు మీద ఎర్రగా గీత పడింది.

ఆ మధ్యాహ్నమే మామ బట్టలు సర్దుకుని కోదాడ పోయాడు. అక్కడ ట్రాక్టర్లు, కోత మిషన్లు బాగుచేసే షెడ్డులో చేరి ఒక గది కిరాయికి తీసుకున్నాడు. అమ్మ ఆయన పేరు ఎత్తడం మానేసింది. నాతో పని మాటలు తప్ప మాట్లాడేది కాదు. నాయన మాత్రం, ఆయన జీవితంలో నాకు తెలిసి ఒకే ఒక్కసారి, అమ్మను అడగకుండా నిర్ణయం తీసుకుని నా ఇంటర్ కాగానే నన్ను సూర్యాపేటలో డిగ్రీలో చేర్పించి హాస్టల్లో పెట్టాడు.

మూడేళ్ల పాటు రెండు వారాలకొక ఆదివారం కోదాడ బస్సు దిగి మామ హాస్టల్ గేటు దగ్గరికి వచ్చేవాడు. సంచిలో జామకాయలు, గది కిరాయికిచ్చిన ఇంటామె చేసిన మురుకులు. వార్డెన్ ఎవరని అడిగితే అన్న అని చెప్పేదాన్ని. ఇద్దరం గేటు పక్కన బెంచీ మీద కూర్చుని చిన్నప్పటిలా మళ్లీ మాట్లాడుకునేవాళ్లం. అక్క ఎట్లుంది, మోకాళ్ల నొప్పి తగ్గిందా అని అడిగేవాడు. తన సంగతి అడిగితే దాటేసేవాడు. ఆయనకు సంబంధాలు కుదరలేదు. అక్క బిడ్డనే కాదన్నాడంటే ఏదో లోపం ఉందని చుట్టాల్లో పాకిపోయింది. నా తప్పు వల్లే కదా అని నేను ఏడిస్తే, "నువ్వు సదువుకో. నాకు గదే సాలు" అన్నాడు.

డిగ్రీ అయ్యాక నాకు సూర్యాపేటలో బడిపంతులుతో పెళ్లయింది. మామ ఆ పెళ్లిలో చుట్టాలతో కూర్చోలేదు. వంటవాళ్లతో కలిసి బంతిలో సాంబారు వడ్డించాడు. మరుసటి ఏడు పాప పుట్టింది. రెండువేల పద్నాలుగు మొదట్లో పాపకు చెవులు కుట్టించాం. పిల్లను మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి. సైదులు మామ చాప మీద కూర్చోబోతుంటే అమ్మ నా చెవి దగ్గరికి వచ్చింది.

"ఆడు నీకు మామ. దానికి తాత అయితడు. మామ ఎట్లయితడు?"

"నేను రాఖీ కట్టినమ్మా" అన్నాను. పాపను ఆయన ఒడిలో పెట్టాను. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. కంసాలి తీగ గుచ్చుతుంటే మామ పాప తలను రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకుని, తానే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మా ఆయన తీసిన ఫోటోలో అట్లాగే ఉన్నాడు.

ఆ వానాకాలంలో కోదాడ ఇంటామె ఫోన్ చేసింది. "పది రోజుల్నుంచి సరిగ్గా తినట్లేదమ్మా. కళ్లు పచ్చగా ఉన్నాయి, డాక్టరుకి చూపించుకోమంటే నవ్వేస్తున్నాడు. ఇవాళ లేవలేకపోతున్నాడు" అంది. మేం వెళ్లి సూర్యాపేట దవాఖానకు తెచ్చేసరికి కామెర్లు ముదిరిపోయాయి. మిర్యాలగూడ ఇంట్లో ఉండి ఉంటే మొదటి రోజే అమ్మ ఆయన కళ్లు చూసి పట్టేసేది. ఈ ఆలోచన నుంచి నాకు ఇప్పటికీ బయటపడే దారి లేదు. నన్ను ఆ ఇంట్లోంచి బయటికి పంపి, ఆయన ఎవరూ చూడని ఒక గదిలో మిగిలిపోయాడు.

అమ్మ రెండో రోజు పొద్దున వచ్చింది. ఆరేళ్ల తర్వాత ఆయన మంచం మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. మామ కళ్లు తెరిచి, "అక్కా, తిన్నవా?" అన్నాడు. "లే, ఇంటికి పోదాం" అంది అమ్మ. ఆయన తల ఊపాడు. మరునాడు మధ్యాహ్నం పోయాడు.

నాయన పోయాక అమ్మ సూర్యాపేటలో మా దగ్గరే ఉంటోంది. మిర్యాలగూడ ఇల్లు అమ్మేశాం. కాలువ గట్టు మీద ఇప్పుడు సైకిళ్లు కనిపించవు, మా వీధిలో గునుగు పూలకు రంగులద్దేవాళ్లు లేరు, బజారులో కట్టలు కొంటాం. పోయిన నెలలో నా కూతురు పాత ఫోటోలు ముందేసుకుని కూర్చుంది. చెవులు కుట్టించిన ఫోటో తీసి, "అమ్మమ్మా, నన్ను ఎత్తుకున్నది ఎవరు?" అని అడిగింది.

అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను తడిచేతులతో వంటింటి గుమ్మంలోనే ఆగిపోయాను. నా తమ్ముడు అంటుందని అనుకున్నాను.

"మీ అమ్మకు అన్న," అంది అమ్మ. ఇంకో కాయ చేతికి తీసుకుని, "నీకు మామ" అంది.

పిల్ల ఆ ఫోటో పక్కన పెట్టి ఇంకొకటి తీసుకుంది. అమ్మ చాలాసేపు చేతిలో ఉన్న కాయను తుంచలేదు.