నాలిక చూపించడానికి సిగ్గుపడ్డ క్లాసు

...నిన్నటి పోస్టుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నా అలవాటు దగ్గర ఆపాను కదా. అది బళ్లో పట్టుకుంది. ఇంగ్లీషు తప్పు మాట్లాడితే నవ్వుతారు, ఒప్పు మాట్లాడితే ఫోజు కొడుతోందని నవ్వుతారు... చెయ్యి అడ్డం ఉంటే సగం మాట లోపలే ఉండిపోయేది. అదే హాయి.

మా చిన్నప్పుడు ముత్తుకూరులో, సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి మా ముందుగదిలో చైనా ఉండేది!

అమ్మ చెల్లెలు, మా పిన్నమ్మ, లాప్‌టాప్ ముందు కూర్చుని అక్కడి పిల్లలకి ఇంగ్లీషు పలకడం నేర్పేది. పిల్లలంటే నాకన్నా పెద్దవాళ్లే. వంట, హోటల్ పని నేర్పే బళ్లో చదివేవాళ్లు. తెల్లటి వంట కోట్లు వేసుకుని వరసగా కూర్చునేవాళ్లు. మా రోడ్డు మీద పోర్టుకి పోయే ట్రైలర్ లారీ వెళ్తే ఆ చప్పుడుకి అక్కడ వాళ్లు ఉలిక్కిపడేవాళ్లు.

హోటల్లో రోజంతా అనాల్సిన మాట థాంక్యూ. వాళ్ల నోట్లో అది 'సాంక్యూ'. మనమేం తక్కువా... 'థ' అని ఒత్తి పలికి అదే ఇంగ్లీషు అనుకుంటాం. అసలు ఆ శబ్దానికి నాలిక కొన పళ్ల మధ్య నుంచి బయటికి రావాలి, దాని మీదుగా గాలి పోవాలి. పిన్నమ్మ అద్దం ముందు కూర్చుని నేర్చుకుంది, నాకూ నేర్పింది. కానీ టీచరు ముందు నాలిక బయటపెట్టడమంటే ఆ పిల్లలకి చచ్చేంత సిగ్గు. పెదాలు బిగించేసేవాళ్లు.

చివరికి అక్కడి బడి మేడం చెప్పేసింది... ఈసారి కూడా వీళ్లు నోరు తెరవకపోతే క్లాసు ఆపేసి రికార్డు పాఠాలు పెట్టుకుంటామని. పిన్నమ్మకి ఉన్న ఉద్యోగం అదొక్కటే. సరిగ్గా ఆ రోజే ముసురుకి ఆమె గొంతు పోయింది.

"నువ్వు కూచోమే," అంది గుసగుసగా.

"నేనా? నా వల్ల కాదు పిన్నమ్మా."

"పక్కనే ఉండాను గదా. నాలిక పెట్టి చూపియ్యి, చాలు."

కూర్చున్నాను. స్క్రీన్ నిండా మొహాలు... నా చెయ్యి దానంతటదే నోటి మీదికి పోయింది. అది చూసి ముందు వరసలో అమ్మాయి కూడా చెయ్యి పెట్టుకుంది. తర్వాత పక్కనున్న అబ్బాయి. టీచరు చేసినట్టే చెయ్యాలని కదా నేర్పింది! చూస్తుండగానే క్లాసంతా నోరు మూసుకుని నన్నే చూస్తోంది. వెనక వాళ్ల మేడం చేతులు కట్టుకుని నిలబడింది. పిన్నమ్మ కళ్లలో నీళ్లు.

అప్పుడే మా అవ్వ, అమ్మ వాళ్లమ్మ, వానకి తడవకుండా ఎండు నెత్తళ్ల చేపలున్న చేట ఎత్తుకుని లోపలికి వచ్చింది. స్క్రీన్ చూసి ఆగిపోయింది.

"ఏందిమే, అందరికీ ఒకేసారి పంటినొప్పా?"

"కాదవ్వా... భయం."

"భయమో జొరమో... ఏదీ, నాలిక చూపియ్యి."

మా ఇంట్లో ఆ మాటకి ఎదురు లేదు. ఒళ్లు వెచ్చబడినా, అన్నం వద్దన్నా, బడి ఎగ్గొట్టాలని కడుపునొప్పి అన్నా, అవ్వ ముందు నాలిక చూసేది. చెయ్యి తీసి నాలిక చాపేశాను. అవ్వ కళ్లద్దాలు సర్దుకుని, వంగి చూసి, స్క్రీన్ వైపు తిరిగింది.

"దీనికేం లేదు. మీరు గూడా చూపియ్యండి నాయనా, అన్నాలు తిన్నారో లేదో!"

వాళ్లకి తెలుగు ఒక్క ముక్క రాదు. కానీ ఒక ముసలామె తన నాలిక చాపి, మీరూ కానివ్వండని చెయ్యి ఊపితే ఏ ఊళ్లో వాళ్లకైనా అర్థమవుతుంది... ముందు వరస అమ్మాయి చాపింది. ఆ పక్కవాడు. తర్వాత అందరూ. అవ్వ తీరిగ్గా ఒక్కొక్కరినీ పరీక్షించింది.

"ఆ చివరి పిలకాయికి పైత్యం జేసింది. జీలకర్ర నీళ్లు తాగమనుమే."

పిన్నమ్మ నా భుజం గిల్లింది. నిజమే... అందరి నాలికలూ ఉండాల్సిన చోటే ఉన్నాయి! ఇంక గాలి వదలడమే మిగిలింది. నేను వదిలాను. వాళ్లూ వదిలారు. థాంక్యూ అని అంతమంది ఒక్కసారిగా... ఆ మేడం కట్టుకున్న చేతులు విప్పి చప్పట్లు కొట్టింది. ఎవరికి థాంక్యూ చెబుతున్నారో అవ్వకి తెలియదు. "సర్లే, సల్లగుండండి" అనేసి నెత్తళ్లు సర్దుకోవడానికి పోయింది.

క్లాసు ఆగలేదు. పిన్నమ్మ పెళ్లయి సూళ్లూరుపేట వెళ్లేదాకా రోజూ ఆమె పక్కన నా కుర్చీ కూడా ఉండేది.

ఇప్పుడు అంతా ఫోన్లోనే నేర్చుకుంటున్నారు. మన మాట ఫోనే వింటుంది, తప్పుంటే ఎర్రగా చూపిస్తుంది. తప్పు చెబుతుంది గానీ... తిన్నావా అని అడగదు.

నేను ఇంటర్‌కి వచ్చినా జనం ముందు మాట్లాడాలంటే ఇంకా వణుకే. అందుకే ముందు కాగితం మీద రాసుకుని, ఎవరూ లేనప్పుడు ఈ బ్లాగులో ఎక్కిస్తాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీకు మొదటిసారి నోరు తెరిపించిన మనిషి ఎవరో మీరూ చెప్పండి... పేర్లు రాయకపోయినా పర్లేదు, నేనూ నా పేరు...

తలుపు కొడుతున్నారు. కాగితాలు పరుపు కిందికి.

"వస్తన్నా అవ్వా!"